"నేను చేసిన ఆపరేషన్‌కి ఏమీ కాదు" అనే పెద్ద డాక్టర్లకు ఒక రిటైర్డ్ హెడ్ నర్సు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లోని సీనియర్ డాక్టర్లకు, మెడికల్ కాలేజీ ప్రొఫెసర్లకు, ఆస్పత్రుల యాజమాన్యాలకు,

నమస్కారం.

నేను ప్రభుత్వ ఆస్పత్రుల్లో ముప్ఫై మూడేళ్ళు పనిచేసి హెడ్ నర్సుగా రిటైరయ్యాను. మీలో కొందరు హౌస్ సర్జన్లుగా ఉన్నప్పుడు నా వార్డులోనే మొదటిసారి సెలైన్ ఎక్కించడం నేర్చుకుని ఉంటారు. మీ చదువన్నా, మీ చేతి పనితనమన్నా నాకు గౌరవం. ఇంతకు మించి పొగడ్తలు రాయను. రాయాల్సింది చాలా ఉంది.

దీన్ని పదిమందీ చదివేలా రాయాలని మొదట్లో అనుకోలేదు. ముందు మా వారికి ఆపరేషన్ చేసిన ఆస్పత్రి యాజమాన్యానికి మూడు ఉత్తరాలు రాశాను. మొదటి రెంటికీ జవాబు లేదు. మూడోదానికి రెండు ముక్కల్లో వచ్చింది: "మా సీనియర్ కన్సల్టెంటు గారికి ఇరవై ఆరేళ్ళ అనుభవం ఉంది. చికిత్సలో ఎలాంటి లోపమూ లేదు." ఫిర్యాదులు తీసుకునే ఆఫీసుకు కూడా వెళ్ళాను. రసీదు ఇచ్చారు. ఎనిమిది నెలలైంది, ఆ రసీదే ఉంది నా దగ్గర.

నేను అడిగింది అనుభవం గురించి కాదు. ఆ రాత్రి ఎనిమిదింటికి పేషెంటు పల్స్ ఎంత, అది చూసి ఎవరు ఏం చేశారు అని అడిగాను.

ఆ పేషెంటు మా వారు. గాల్ బ్లాడర్‌లో రాళ్ళు. పొట్ట మీద చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్, మధ్యాహ్నానికల్లా అయిపోయింది. బాగా జరిగిందన్నారు, నేనూ నమ్మాను. సాయంత్రం ఆరింటికి పల్స్ 104. నొప్పికి కొట్టుకుంటోందేమో అనుకున్నాను. ఎనిమిదింటికి 118. బీపీ వంద దగ్గరికి దిగింది. నుదుటి మీద చల్లటి చెమట, పెదాలు పాలిపోయాయి. యూరిన్ బ్యాగులోకి గంటసేపట్లో నాలుగు చెంచాలు కూడా రాలేదు. కడుపు లోపల రక్తం పోతోందని చెప్పడానికి ఎంబీబీఎస్ అక్కర్లేదు. ముప్ఫై మూడేళ్ళు మంచాల మధ్య తిరిగిన మనిషికి ఆ వాసన తెలుస్తుంది.

నాకంటే ముందు కనిపెట్టింది ఆ వార్డు నర్సు. ఇరవై నాలుగేళ్ళుంటాయేమో, ఉద్యోగంలో చేరి రెండో ఏడు. అర్ధగంటకోసారి వచ్చి బీపీ చూసింది, అన్నీ చార్టులో రాసింది. డ్యూటీ డాక్టరును పిలిచింది. అతను తొమ్మిదింటికి సర్జన్ గారికి ఫోన్ చేశాడు. "గ్యాస్ అయ్యుంటుంది, ఇంజక్షన్ ఇవ్వండి, పొద్దున రౌండ్స్‌లో చూస్తా" అన్నారాయన. పదకొండింటికి పల్స్ 132. డ్యూటీ డాక్టరు మళ్ళీ ఫోన్ చేయడానికి జంకాడు. ఆ అమ్మాయే చేసింది. స్పీకర్ పెట్టకపోయినా నాకు వినబడింది: "నా పేషెంటు గురించి నువ్వు నాకు చెప్తావా? నేను చేసిన ఆపరేషన్‌కి ఏమీ కాదు. ఇంకోసారి ఫోన్ చేస్తే నీ సంగతి పొద్దున చూస్తా."

రాత్రి రెండున్నరకు బీపీ 70కి పడిపోయింది. నాలుగింటికి మళ్ళీ థియేటర్. కడుపులో రెండు లీటర్ల రక్తం. ఆరు బాటిళ్ళు ఎక్కించారు. కిడ్నీలు దెబ్బతిన్నాయి, అయిదుసార్లు డయాలసిస్ చేశారు. పంతొమ్మిది రోజుల తర్వాత ఇంటికి తెచ్చుకున్నాను. బతికారు. కానీ ఉదయం నడకకు వెళ్ళి పాలు, కూరగాయలు తెచ్చే మనిషి ఇప్పుడు వీధి చివరి దాకా వెళ్ళి అరుగు మీద కూర్చుని వస్తున్నారు. నాలుగు లక్షల అరవై వేలు ఖర్చయింది. పోతే పోయింది.

ఆపరేషన్‌లో రక్తనాళం తెగడం తప్పని నేను అనడం లేదు. అది ఎంత గొప్ప సర్జన్ చేతిలోనైనా జరగవచ్చు. రక్తనాళానికి వేసిన క్లిప్పు జారవచ్చు. అందుకు ఎవరినీ నిందించను. నా గొడవ తొమ్మిదింటికీ నాలుగింటికీ మధ్య పోయిన ఏడు గంటల గురించి. ఆ ఏడు గంటలూ జబ్బు వల్ల పోలేదు. మందులు లేక పోలేదు, మనుషులు లేక కూడా పోలేదు. ఒక పెద్దమనిషికి తన పని మీద ఉన్న గర్వం వల్ల పోయాయి.

గర్వం అంటే ఎవరి స్వభావం వాళ్ళది, డాక్టరు గారు కోపిష్టి అయితే మనకేం, వైద్యం బాగా చేస్తే చాలదా అంటారు మన జనం. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. కానీ వార్డులో గర్వం చేసే పని వేరు. అది పక్కవాళ్ళ నోరు మూయిస్తుంది. చూసినవాళ్ళు చెప్పరు. చెప్పాల్సినవాళ్ళు, "ఎందుకులే, పొద్దున ఎలాగూ వస్తారు" అనుకుంటారు.

ఇది మన ఊళ్ళ జబ్బు మాత్రమే కాదు, ఇవాళ్టిది అంతకంటే కాదు. మీకు తెలిసిన కథే, ఎంబీబీఎస్‌లో చదివే ఉంటారు. 1847లో వియన్నా జనరల్ ఆస్పత్రిలో ప్రసవాల వార్డులు రెండుండేవి. ఒకదాంట్లో డాక్టర్లు, మెడికల్ విద్యార్థులు. రెండోదాంట్లో మంత్రసానులు. డాక్టర్ల వార్డులోనే బాలింతలు ఎక్కువగా చనిపోయేవారు. ఊళ్ళో ఆడవాళ్ళకు ఈ సంగతి తెలుసు, ఆ వార్డులో చేర్చొద్దని బతిమాలుకునేవారు. ఎందుకలా అవుతోందో మాత్రం డాక్టర్లకు తెలియలేదు. ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ అనే డాక్టరు కారణం పట్టుకున్నాడు. శవాలను కోసిన చేతులతోనే వచ్చి పురుళ్ళు పోస్తున్నారు. క్లోరిన్ కలిపిన నీళ్ళతో చేతులు కడుక్కోమన్నాడు. ఆ ఏడాది ఏప్రిల్‌లో నూటికి 18 మంది దాకా చనిపోతున్న వార్డులో వేసవికల్లా చావులు రెండు శాతం దగ్గరికి దిగాయి.

అయినా పెద్ద ప్రొఫెసర్లు చాలామంది ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే ఇన్నాళ్ళూ తమ చేతులతోనే చంపామని ఒప్పుకోవాలి. ఎంత చదువుకున్నవాడికైనా ఆ మాట గొంతు దిగదు. సెమ్మెల్వైస్ కూడా తక్కువ తినలేదు. 1861లో ఆ ప్రొఫెసర్లకు బహిరంగ లేఖలే రాశాడు, వాళ్ళను హంతకులని తిట్టాడు. తిట్టేసరికి వినేవాళ్ళు కూడా మొహం తిప్పుకున్నారు. 1865లో పిచ్చాసుపత్రిలో చనిపోయాడు. అందుకే నేను ఈ ఉత్తరాన్ని మూడుసార్లు తిరగరాసి, తిట్లన్నీ తీసేశాను.

ఇంకో సంగతి. 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన విమానం మంగళూరులో రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది చనిపోయారు, 8 మంది బయటపడ్డారు. కెప్టెన్‌కు పదివేల గంటలకు పైగా నడిపిన అనుభవం ఉంది. విచారణ నివేదిక చదివితే నాకు మా వార్డు ఫోనే గుర్తొచ్చింది. విమానం దిగాల్సిన ఎత్తులో లేదు, చాలా పైన ఉంది. కో-పైలట్ మూడుసార్లు "గో అరౌండ్" అన్నాడు, అంటే దిగొద్దు, మళ్ళీ పైకి లేపండి అని. యంత్రం కూడా హెచ్చరికలు చేస్తూనే ఉంది. కెప్టెన్ వినకుండా దించాడు. అంతకు ముందు 1977లో టెనెరిఫ్‌లో రెండు విమానాలు ఢీకొని 583 మంది చనిపోయినప్పుడూ ఇంతే. రన్‌వే మీద ఇంకో విమానం ఉందేమో అని వెనక సీటులోని ఫ్లైట్ ఇంజనీరు అనుమానంగా అడిగాడు. ఆ కంపెనీలో మిగతా పైలట్లకు శిక్షణ ఇచ్చే కెప్టెన్ ఆ మాటను కొట్టిపారేశాడు.

విమానాలవాళ్ళు ఆ తర్వాత ఒక పని చేశారు. కెప్టెన్‌కు చిన్నవాళ్ళ మాట వినడం, చిన్నవాళ్ళకు గట్టిగా చెప్పడం ఒక చదువులాగా నేర్పడం మొదలుపెట్టారు. మంగళూరు చూస్తే అది కూడా అన్నిచోట్లా తలకెక్కలేదని తెలుస్తుంది. అయినా వాళ్ళు ప్రమాదం జరిగాక, పైలట్ల మాటలు రికార్డయ్యే పెట్టె తెరిచి, ఎవరు ఏమన్నారో విచారణ నివేదికలో రాసి బయటపెడతారు. మన దగ్గర పెట్టె తెరవడం మాట అటుంచి, కేస్ షీట్ జిరాక్సు నాకు ఇవ్వడానికి అయిదు వారాలు పట్టింది.

కెప్టెన్‌కు ఒక ఇబ్బంది ఉంది చూడండి. విమానం పడితే తనూ పోతాడు. సర్జన్ గారు పొద్దున్నే ఇడ్లీ తిని రౌండ్స్‌కి వస్తారు. ఈ వాక్యం తీసేద్దామనుకున్నాను. ఉంచుతున్నాను.

2005లో ఇంగ్లండ్‌లో ఒక పైలట్ భార్య సైనస్ ఆపరేషన్‌కి వెళ్ళింది. మత్తు ఇచ్చాక శ్వాస గొట్టం లోపలికి వెళ్ళలేదు. ముగ్గురు అనుభవజ్ఞులైన డాక్టర్లు అదే గొట్టం మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తూ ఉండిపోయారు. ఒక నర్సు గొంతు దగ్గర రంధ్రం చేసే సెట్టు తెచ్చి, సిద్ధంగా ఉందని చెప్పింది. ఎవరూ పట్టించుకోలేదు. ఇంకో నర్సు ఐసీయూలో బెడ్ ఉంచమని ఫోన్ చేస్తే, ఎందుకంత హడావుడి అన్నట్టు చూశారని బెడ్ వద్దని మళ్ళీ ఫోన్ చేసింది. కొద్ది రోజులకు ఆవిడ చనిపోయింది. నర్సులకు తెలుసు. పైకి ఎలా చెప్పాలో తెలియలేదు. ఈ కథ చదివిన రోజు నేను అన్నం తినలేకపోయాను. ఆ సెట్టు పట్టుకుని నిలబడ్డ నర్సును నేను మన ఊళ్ళలో వందసార్లు చూశాను. కొన్నిసార్లు అది నేనే.

నా తప్పు కూడా చెప్పుకోవాలి. చెప్పకుండా మీకు పాఠాలు చెబితే నాదీ అదే జబ్బు అవుతుంది.

1994లో ప్రసవాల వార్డులో ఉన్నాను. ఒక ఆయమ్మ వచ్చి, "సిస్టరమ్మా, మూడో మంచం పిల్లకు గుడ్డలు మాటిమాటికీ తడుస్తున్నాయి" అంది. ఆ రోజు ఇన్‌స్పెక్షన్, నేను రిజిస్టర్లు రాసుకుంటున్నాను. "నీ పని నువ్వు చూసుకో, నాకు తెలీదా" అన్నాను. ఆమె వెళ్ళిపోయింది. పదిహేను నిమిషాలకు మళ్ళీ వచ్చి, ఈసారి ఏమీ అనకుండా నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. పక్క కింద నేలంతా రక్తం. ఆ బాలింత బతికింది, రక్తం దొరికింది కాబట్టి బతికింది. ఆయమ్మకు సంతకం పెట్టడం రాదు, వేలిముద్ర వేసి జీతం తీసుకునేది. ఆమెకు నేను థాంక్స్ చెప్పలేదు. అందరి ముందు నా చెయ్యి పట్టుకుని లాగిందని రెండు రోజులు మాట్లాడలేదు కూడా. ఆమె ఇప్పుడు లేదు.

అందుకే అడుగుతున్నాను. ఇక్కడి నుంచి అంకెలు వేసి రాస్తాను, ఆఫీసులవాళ్ళకు అలా అయితేనే చదవడం సులువు.

ఈ గర్వం వల్ల మామూలు జనానికి జరుగుతున్న నష్టం:

1. కనిపెట్టినవాళ్ళు నోరు మెదపరు. మా వారి దగ్గర ఉన్న ఆ నర్సుకు తర్వాతి వారం మెమో ఇచ్చారు, "సీనియర్ డాక్టరుతో అమర్యాదగా ప్రవర్తించినందుకు". వార్డు నుంచి తీసి ఓపీ బిల్లింగ్ పక్కన కూర్చోబెట్టారు. ఆ సంగతి ఆస్పత్రిలో నర్సులందరికీ తెలుసు. రేపు ఇంకో పేషెంటుకు పల్స్ 118 ఉంటే వాళ్ళలో ఎంతమంది ఫోన్ ఎత్తుతారు? ఆ మెమో ఒక్క అమ్మాయికి ఇచ్చినట్టు కనబడుతుంది, నిజానికి అది ఆ ఆస్పత్రిలో చేరబోయే ప్రతి రోగికీ ఇచ్చిన మెమో.

2. ప్రశ్న అడిగితే నేరం. ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు మూడు గంటలు ఓపీలో కూర్చుని, లోపలికి వెళ్ళి మూడు నిమిషాల్లో బయటికొస్తారు. జబ్బు పేరు అడిగితే "చెప్తే నీకు అర్థమవుతుందా?" అంటారు. అర్థం కాక అడిగింది మళ్ళీ మెడికల్ షాపు కుర్రాణ్ణి అడుగుతారు. ఆ కుర్రాడు చెప్పిందే వేదం. తర్వాత "జనం చదువుకోలేదు, మందులు సరిగా వాడరు" అని మనమే తిట్టుకుంటాం.

3. ఒంటి మీద నిర్ణయం ఒంటివాళ్ళది కాకుండా పోతోంది. గర్భసంచి ఆపరేషన్లలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలో ముందు వరసలో ఉన్నాయని 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ముప్ఫై అయిదేళ్ళ కూలి మనిషి తెల్లబట్ట అవుతోందని వస్తే "తీసేద్దాంలే, గొడవ వదిలిపోతుంది" అంటారు. ఇందులో డబ్బు ఆశ ఎంతో నాకు తెలుసు. కానీ డబ్బు ఆశ లేని మంచి డాక్టర్లు కూడా ఇదే మాట అనడం విన్నాను. ఆమెకు వివరించడం అనవసరం, తనకు తెలుసు కదా అనే ధీమా అది. 2008లో సుప్రీంకోర్టు దగ్గరికి ఒక కేసు వెళ్ళింది. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన మహిళకు, తల్లి చేత సంతకం పెట్టించి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణం మీదికి రానప్పుడు, ఆమె లేచి తనంతట తాను ఒప్పుకోకుండా చేయడం చెల్లదని కోర్టు చెప్పింది. పదహారేళ్ళు దాటింది. మన ఓపీల్లో ఇంకా పేషెంటు భర్తతోనే మాట్లాడతారు.

4. ఇంకో డాక్టరుకు చూపిస్తామంటే అలుగుతారు. "అయితే అక్కడికే వెళ్ళండి" అని ఫైలు విసిరినవాళ్ళను చూశాను. ఆ భయంతో జనం దొంగచాటుగా రిపోర్టులు ఫోటోలు తీసుకుని వెళ్తారు.

5. చివరికి ఈ దెబ్బ మీకే తగులుతోంది. మాట చెప్పకుండా, శవం అప్పగించేటప్పుడు మాత్రమే కనబడే డాక్టరు మీద జనానికి ఆవేశం వస్తుంది. దాడులను నేను ఏ మాత్రం సమర్థించను. క్యాజువాలిటీలో కుర్చీలు ఎగిరిన రాత్రి బల్ల కింద దాక్కున్నదాన్ని నేను. దాడులు ఆపడానికి 2008లో చట్టం కూడా వచ్చింది. కానీ ఆ రోజు మాపై కుర్చీలు విసిరినవాళ్ళు రెండు రోజులుగా ఒకటే అడుగుతున్నారు: "మా నాన్నకు ఏమైందో ఎవరన్నా చెప్పండి." చెప్పాల్సిన ప్రొఫెసర్ గారికి పేషెంటు ఇంటివాళ్ళతో మాట్లాడటం నామోషీ. కుర్చీ దెబ్బ తిన్నది మాత్రం పీజీ చదివే కుర్ర డాక్టరు.

ఇక్కడ జనానికి కూడా ఒక మాట. ఈ గర్వం డాక్టర్ల ఇళ్ళలో పుట్టింది కాదు, సగం మనం పెంచి పోషించిందే. వైద్యో నారాయణో హరిః అని కాళ్ళకు దండం పెడతాం. ఫలానా ఆయన హస్తవాసి మంచిదంటాం. హస్తవాసి ఉన్నాయన చెయ్యి వణికినా మనకు కనబడదు. సందేహం ఉందని చెప్పిన డాక్టరును "ఈయనకేం తెలీదు" అని వదిలేసి, ఏదడిగినా టకటకా చెప్పేవాడి దగ్గరికి పరిగెత్తుతాం. "నాకు తెలియదు, పుస్తకం చూసి చెప్తాను" అన్న ఒక చిన్న డాక్టరు మా ఊళ్ళో ఏడాదిలో క్లినిక్ మూసుకున్నాడు. ఆయనలాంటి వాళ్ళను నిలబెట్టుకోవడం మన చేతిలో ఉన్న పని.

మీలో వినే మనసున్నవాళ్ళు లేరని నేను అనను. మా పాత సూపరింటెండెంటు గారొకరు ప్రతి ఆపరేషన్ ముందు "ఏదన్నా తేడా కనిపిస్తే అరవండమ్మా, నేను ఏమీ అనుకోను" అనేవారు. మేం అరిచేవాళ్ళం కూడా. ఒకసారి లెక్కలో ఒక గుడ్డ ముక్క తగ్గిందని కుట్లు ఆపించాను. ఆయన అరగంట వెతికారు. అది చెత్త డబ్బాలో దొరికింది. ఒక్క మాట అనలేదు, "టీ తాగుదాం పదండి" అన్నారు. అంత పెద్ద సర్జన్‌కు అరగంట వృథా అయితే ఏమీ కాలేదు, ఆయన పేరు తగ్గలేదు.

ఇప్పుడు నా డిమాండ్లు. ఎవరినీ జైల్లో పెట్టమనడం లేదు. వైద్యంలో ప్రతి పొరపాటునూ నేరంగా చూడొద్దని 2005లో సుప్రీంకోర్టు అన్నదాన్ని నేను ఒప్పుకుంటాను. నేను అడిగేవాటికి కొత్త బిల్డింగులు, మెషీన్లు కూడా అక్కర్లేదు.

1. ప్రతి ఆస్పత్రిలో రెండో ఫోన్ నంబరు ఉండాలి. పేషెంటు పరిస్థితి దిగజారుతోందని నర్సుకో, డ్యూటీ డాక్టరుకో, ఇంటివాళ్ళకో అనిపించి, చూసే డాక్టరు రాకపోతే, సంబంధం లేని ఇంకో సీనియర్‌ను నేరుగా పిలిచే హక్కు ఉండాలి. ఇది నా ఊహ కాదు. ఇంగ్లండ్‌లో 2021లో పదమూడేళ్ళ పాప చనిపోయింది. పాప పరిస్థితి బాగాలేదని తల్లిదండ్రులు చెబుతూనే ఉన్నా పట్టించుకోలేదు. ముందే ఐసీయూకి మార్చి ఉంటే బహుశా బతికి ఉండేదని విచారణలో తేలింది. ఆ తల్లిదండ్రులు పోరాడితే 2024 నుంచి అక్కడి ఆస్పత్రుల్లో "మార్తాస్ రూల్" పేరుతో ఈ పద్ధతి మొదలైంది. నంబరు గోడ మీద తెలుగులో, ప్రతి మంచం నుంచి కనబడేంత పెద్ద అక్షరాల్లో రాయండి.

2. పల్స్, బీపీ, శ్వాస, యూరిన్ ఇంత దాటితే లేదా ఇంతకు తగ్గితే డాక్టరు మంచం దగ్గరికి రావాల్సిందే అని అంకెలతో రాసి పెట్టండి. ఫోన్‌లో "ఏం కాదు" అనడం కుదరకూడదు. రాలేకపోతే ఎవరిని పంపారో కేస్ షీట్‌లో రాయాలి. అంకెకు సీనియారిటీ తెలియదు, అదే దాని మంచి గుణం.

3. మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, పేషెంటును థియేటర్ నుంచి బయటికి తెచ్చే ముందు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 19 అంశాల చెక్‌లిస్టు పైకి చదవాలి. చాలాచోట్ల దీన్ని ఆపరేషన్ అయ్యాక నర్సు ఒక్కతే కూర్చుని టిక్కులు పెట్టి మూసేస్తుంది. నేనూ పెట్టాను, దాచను. ఎనిమిది దేశాల్లోని ఎనిమిది ఆస్పత్రుల్లో దీన్ని పరీక్షించారు, ఢిల్లీ అందులో ఒకటి. 2009లో వచ్చిన ఫలితాల్లో మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. అందులో ఒక అంశం, కోత పెట్టే ముందు గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరు, తమ పని చెప్పుకోవడం. ఇది చూసి నవ్వే సర్జన్లు మన దగ్గర చాలామంది. ఒకసారి తన పేరు పైకి చెప్పుకున్న మనిషి రెండోసారి నోరు తెరవడం తేలిక. "ఏయ్ సిస్టర్" అని పిలిపించుకునే మనిషి తెరవదు. ఆ చెక్‌లిస్టు వాడినవాళ్ళను, మీకే ఆపరేషన్ జరిగితే ఇది వాడమంటారా అని అడిగితే నూటికి 93 మంది వాడమన్నారట. మీకు కావాల్సింది మాకు కూడా పెట్టండి.

4. అడిగిన 72 గంటల్లో కేస్ షీట్ ఇవ్వాలని 2002 నాటి వైద్య వృత్తి నియమావళిలోనే ఉంది. యాజమాన్యాలు దాన్ని పాటించాలి. కేస్ షీట్ అడిగినవాణ్ణి కోర్టుకు వెళ్ళేవాడిలా చూడటం మానాలి. నేను అడిగింది ఏం జరిగిందో తెలుసుకోవడానికి. అయిదు వారాలు తిప్పాక లాయర్ గుర్తొచ్చాడు.

5. తేడా కనిపించిందని చెప్పిన నర్సు మీద, టెక్నీషియన్ మీద, ఆయమ్మ మీద చర్యలు ఉండకూడదు. చెప్పింది తప్పని తేలినా సరే. పదిసార్లు అనవసరంగా పిలిచినా పదకొండోసారి ఒక ప్రాణం నిలబడితే ఆ పది ఫోన్లూ దండగ కాదు.

6. ప్రొఫెసర్లకు ప్రత్యేకంగా: చనిపోయిన కేసుల మీద నెలనెలా మీటింగ్ పెడతారు కదా, అందులో ప్రతిసారీ పీజీలను నిలబెట్టి కడిగేస్తారు. ఇకనుంచి మొదటి కేసు మీది చెప్పండి. "ఇక్కడ నేను పొరబడ్డాను" అని మీరు అనడం ఒక్కసారి విన్న పీజీ, మీ ఇరవై లెక్చర్లలో నేర్చుకోనిది అక్కడ నేర్చుకుంటాడు. రౌండ్స్‌లో నర్సును కూడా అడగండి, "రాత్రంతా నువ్వే ఉన్నావు కదా, నీకేమనిపించింది?" అని. ఇప్పుడు కొత్తగా మెడికల్ కాలేజీల్లో చేరే పిల్లల చేత చరకుడి పేరిట శపథం చేయిస్తున్నారు. ఎంత తెలిసినా తన తెలివి గురించి ఎక్కువ చెప్పుకోకూడదని, తెలివైనవాడికి లోకమంతా గురువేనని వైద్య విద్యార్థికి చెప్పింది ఆ చరకుడే. పిల్లలు ఆ రోజు శపథం చదివి, మర్నాటి నుంచి మిమ్మల్ని చూసి నేర్చుకుంటారు.

ఈ ఆరింటి మీద నెల రోజుల్లో ఏదైనా ఒక ఆస్పత్రి, ఒక కాలేజీ, ఒక సంఘం ముందుకొచ్చి "ఇది మేం చేస్తాం" అంటే, నర్సులకు ఉచితంగా వచ్చి శిక్షణ ఇస్తాను. నా ఒంట్లో ఇంకా ఓపిక ఉంది. మా వారు కూడా వచ్చి కూర్చుంటానన్నారు.

మా వారికి ఆపరేషన్ చేసిన సర్జన్ గారూ, మీ పేరు ఎక్కడా రాయలేదు, ఇకముందు కూడా రాయను. రెండోసారి తెల్లవారుజామున నాలుగింటికి వచ్చి ఆయన ప్రాణం నిలబెట్టింది కూడా మీరే, అది మర్చిపోలేదు. ఆ చార్టు జిరాక్సు నా దగ్గరుంది. ఎనిమిదింటికి 118, పదకొండింటికి 132, గుండ్రటి అక్షరాలతో, కింద ఆ అమ్మాయి పొట్టి సంతకంతో. మీకు వీలైనప్పుడు మా ఇంటికి రండి, కాఫీ తాగుతూ ముగ్గురం కలిసి చూద్దాం.

దానికంటే ముందు ఒక్క పని చేయండి. ఆ అమ్మాయికి ఇచ్చిన మెమో వెనక్కి తీసుకుని, మళ్ళీ వార్డులో వేయించండి. అది అయిన రోజు నాకు కబురు పెట్టండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెడ్ నర్సు
కృష్ణా జిల్లా